అటెండెన్స్ నుంచి ఓడీ దాకా: యూనివర్సిటీ రూల్స్‌తో నెగ్గుకురావడం ఎలా

తిరుపతిలో ఉన్నన్ని యూనివర్సిటీలు రాయలసీమలో ఇంకే ఊళ్ళోనూ లేవు. 1954లో పెట్టిన శ్రీవేంకటేశ్వర, 1983లో వచ్చిన పద్మావతి మహిళా, వేద విశ్వవిద్యాలయం, పశువైద్యం, జాతీయ సంస్కృతం, ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్. చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలావరకు అనంతపురం జేఎన్‌టీయూ (జేఎన్‌టీయూఏ) కింద ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో రూల్ బుక్. బాలాజీ కాలనీలో ఒకే రూములో ఉండే ముగ్గురివి మూడు యూనివర్సిటీలు కావచ్చు. కాబట్టి రూమ్మేటు చెప్పేది వాడి విషయంలో నూటికి నూరుపాళ్ళు నిజమే అయినా, మీ కొంప ముంచొచ్చు.

సీనియర్ అన్న చెప్పాడని, వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారని నడుచుకునేవాళ్ళే ఎక్కువగా ఇరుక్కుంటారు. ఆఫీసులో నోటిమాటకు విలువ లేదు. అచ్చులో ఉన్న రూలు, తేదీ వేసిన కాగితం, ఈ రెండే పనిచేస్తాయి. ఆ రెండింటినీ చేతిలో పెట్టుకుని చేరిన రోజు నుంచి పట్టా (ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ) అందేదాకా ఎలా నడుచుకోవాలో వరసగా చెబుతాను.

1. మీది ఏ రెగ్యులేషనో తేల్చుకోండి

పరీక్షల విభాగంలో మీరు ఏం అడిగినా ముందు వచ్చే ఎదురుప్రశ్న ఒకటే: "ఏ రెగ్యులేషన్?" అంటే మీరు చేరిన ఏడాదికి వర్తించే నిబంధనలు, సిలబస్ ఏవి అని. ఫైనలియర్‌కు వచ్చినా దీనికి జవాబు తెలియనివాళ్ళు ఉంటారు. జేఎన్‌టీయూ అనంతపురం బీటెక్‌లో 2020-21లో మొదటి ఏడాది చేరినవాళ్ళ నుంచి ఆర్20, 2023-24లో చేరినవాళ్ళ నుంచి ఆర్23. ఇంతవరకు తేలికే. చిక్కంతా డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలోకి వచ్చేవాళ్ళతోనే. 2023-24లో అలా చేరినవాళ్ళది ఆర్23 కాదు, ఆర్20. వాళ్ళు వెళ్ళి కూర్చున్న క్లాసు 2022-23లో మొదలైంది కదా! లాటరల్ ఎంట్రీ వాళ్ళకు ఆర్23 మొదలయ్యేది 2024-25 నుంచి. ఈ ఒక్క ముక్క తెలియక వేరే రెగ్యులేషన్ సిలబస్ జెరాక్సు తీయించుకుని చదివేవాళ్ళుంటారు.

డిగ్రీలోనూ అంతే. రాష్ట్రంలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) పద్ధతి వచ్చింది. అంతకుముందు చేరినవాళ్ళది మూడు సబ్జెక్టుల గ్రూపు. సప్లీ కట్టేటప్పుడు సబ్జెక్టు పేరు ఒకటే ఉన్నా పేపర్ కోడ్ వేరుగా ఉంటుంది. కోడ్ చూసి కట్టండి, పేరు చూసి కాదు.

ఇంకో ప్రశ్న: మీ కాలేజీ అటానమసా, కాదా? అటానమస్ అయితే సిలబస్, పరీక్షలు, రీవాల్యుయేషన్ అన్నీ కాలేజీ చూసుకుంటుంది, రూల్ బుక్ కూడా కాలేజీదే. పట్టా మాత్రం యూనివర్సిటీ పేరుతో వస్తుంది. అటానమస్ కాని కాలేజీ అయితే పరీక్షలన్నీ యూనివర్సిటీవే. ఇది తెలిస్తే మార్కుల గొడవకు ఏ గుమ్మం ఎక్కాలో తెలుస్తుంది, అనవసరంగా అనంతపురం బస్సెక్కే పని తప్పుతుంది.

ఆపైన రెగ్యులేషన్ పీడీఎఫ్‌ను యూనివర్సిటీ లేదా కాలేజీ వెబ్‌సైట్ నుంచే దింపుకోండి. ముందున్న పదిహేను, ఇరవై పేజీలే అసలు నిబంధనలు, మిగతాదంతా సిలబస్. ఆ కాసిని పేజీలు ఒక సాయంత్రం కూర్చుని చదవండి. హాజరు, పాస్ మార్కులు, ప్రమోషన్, రీఅడ్మిషన్, మాల్‌ప్రాక్టీస్, ఈ అయిదు చోట్ల గీత గీసుకోండి. అకడమిక్ కేలండర్ కూడా దించుకుని ఫోన్‌లో పెట్టుకోండి.

2. పేరు ఒకటే ఉందేమో చూసుకోండి

మన వైపు ఇంటిపేరుతో వచ్చే తంటా చిన్నది కాదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, ఇంటర్ మెమోలో ముందున్నది వెనక్కి పోతుంది. యూనివర్సిటీకి ప్రమాణం పదో తరగతి మెమో. పేరు, తండ్రిపేరు, పుట్టిన తేదీ అందులో ఎలా ఉంటే అలాగే అడ్మిషన్ ఫారంలో రాయాలి.

క్రెడిట్లను (సబ్జెక్టు పాసైతే జమయ్యే పాయింట్లను) దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లో వచ్చింది. దానికి 12 అంకెల అపార్ ఐడీ (విద్యార్థి గుర్తింపు నంబరు) కావాలి, అది ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. ఆధార్‌లో పేరు తేడాగా ఉంటే క్రెడిట్లు ఎక్కవు. ఆధార్‌ను మెమోకు సరిపోయేట్టు మొదటి ఏడాదిలోనే మార్పించండి. మొదటి హాల్‌టికెట్ రాగానే అక్షరం అక్షరం చదవండి. అప్పుడు దొర్లిన తప్పు ఒక దరఖాస్తుతో పోతుంది. పట్టా ప్రింటయ్యాక అదే తప్పు దిద్దాలంటే అఫిడవిట్లు, ఫీజులు, తిరుగుళ్ళు తప్పవు.

3. అటెండెన్స్ లెక్క మీరే వేసుకోండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే గనక కాస్త నిలబడి చూద్దాం.

జేఎన్‌టీయూఏ రూలు ఇలా ఉంటుంది: సెమిస్టరులో అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉంటే (ఆర్23 వాళ్ళకైతే ప్రతి సబ్జెక్టులోనూ 40 శాతం కూడా ఉంటే) పరీక్షకు అర్హత. 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం చూపించి, కండొనేషన్ (తగ్గిన హాజరుకు మాఫీ) ఫీజు కట్టి, కాలేజీ అకడమిక్ కమిటీ ఒప్పుకుంటే రాయొచ్చు. 65కు తగ్గితే ఎవరు చెప్పినా, ఎంత చెప్పినా మాఫీ లేదు. ఆ సెమిస్టరు రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మిగతా యూనివర్సిటీల్లోనూ 75 అన్న గీత మామూలే. కాకపోతే కొన్నిచోట్ల సబ్జెక్టువారీగా చూస్తారు, కొన్నిచోట్ల మొత్తంగా చూస్తారు. మీ పుస్తకంలో "మొత్తం మీద" అని ఉందా, "ప్రతి సబ్జెక్టులో" అని ఉందా, ఆ మాట వెతకండి.

కండొనేషన్ హక్కు కాదు. ఫీజు కడితే చాలు, ఇచ్చేస్తారు అనుకోవడం పొరపాటు. కమిటీ కారణం అడుగుతుంది, దానికి కాగితం అడుగుతుంది.

లెక్క ఇలా వేయండి. సెమిస్టరుకు 400 పీరియడ్లు అనుకుందాం. ఇప్పటికి 240 జరిగాయి, మీరు 160 విన్నారు. అంటే 66.7 శాతం. 75 శాతం కావాలంటే 400లో 300 ఉండాలి. ఇంకా 140 కావాలి, మిగిలినవి 160. అంటే మీ చేతిలో ఉన్నవి 20 పీరియడ్లు. రోజుకు ఏడు పీరియడ్లు వేసుకుంటే మూడు రోజులు కూడా నిండా లేవు. "ఇంకా సగం సెమిస్టరు ఉంది కదా" అన్న ధీమా ఈ లెక్కతో దిగిపోతుంది. నెలకోసారి వేసుకోండి. కాలేజీ నోటీసు బోర్డులో పెట్టే హాజరు పట్టీని ఫోటో తీసుకోండి. మీ లెక్కకూ దానికీ తేడా ఉంటే ఆ వారంలోనే సంబంధిత లెక్చరర్‌ను అడగండి. రెండు నెలల తర్వాత అడిగితే ఆయనకూ గుర్తుండదు, రిజిస్టరులో దిద్దడానికీ ఒప్పుకోరు.

మే నెలలో గంగజాతర వారం ఊరంతా వేషాల్లో ఉంటుంది, బ్రహ్మోత్సవాలప్పుడు ఇంటినిండా చుట్టాలు ఉంటారు. కాలేజీకి సెలవు ఇవ్వకపోతే ఆ రోజులన్నీ ఆబ్సెంటే. హాజరు పట్టీకి జాతర తెలియదు.

జబ్బు చేస్తే ఏం చేయాలంటే: ఆస్పత్రిలో చేరిన రోజో మర్నాడో మీ తరఫున ఎవరైనా హెచ్ఓడీకి ఒక కాగితం ఇవ్వాలి, ఫలానా కారణంతో రాలేకపోతున్నాడు అని. తిరిగి వచ్చిన రోజే మెడికల్ సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లుల జెరాక్సులు జత చేసి ఇవ్వాలి. రుయా లాంటి ప్రభుత్వాస్పత్రి కాగితానికి బరువు ఎక్కువ. సెమిస్టరు చివర్లో, డిటెయిన్ లిస్టు (పరీక్షకు అర్హత లేక ఆపేసినవాళ్ళ జాబితా) అంటించాక పాత తేదీతో తెచ్చే సర్టిఫికెట్‌ను చూసి కమిటీలో ఉన్నవాళ్ళు నవ్వుకుంటారు. వాళ్ళు ఇలాంటివి ఏటా చూస్తారు.

ఆటలు, ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులకు కాలేజీ తరఫున వెళ్తే వెళ్ళకముందే ప్రిన్సిపాల్ ఆర్డరు కాపీ తీసుకోండి. వచ్చాక అడిగితే "చూద్దాం" అంటారు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ 75 శాతం హాజరు అవసరం కాబట్టి ఇది పరీక్షతో తీరే గొడవ కాదు, ఇంట్లో డబ్బులతో కూడా ముడిపడి ఉంది.

4. ఇంటర్నల్స్‌ను తేలిగ్గా తీసుకోకండి

జేఎన్‌టీయూఏ థియరీ పేపర్లో ఇంటర్నల్ (కాలేజీ వేసే మార్కులు) 30, ఎక్స్‌టర్నల్ (సెమిస్టరు చివరి పరీక్ష) 70. ఇంటర్నల్ కోసం సెమిస్టరు మధ్యలో పెట్టే పరీక్షలు, అంటే మిడ్లు, రెండు. రెండింటిలో బాగా వచ్చినదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజీ. మొదటి మిడ్‌లో 26, రెండోదాంట్లో 16 వస్తే 20.8, 3.2 కలిపి 24. అంటే ఒక మిడ్ చెడినా మునిగిపోరు, కానీ రెండూ చెడితే మాత్రం సెమిస్టరు పరీక్షలో ప్రాణం మీదికి వస్తుంది.

ఎలాగంటే, పాస్ కావాలంటే ఎక్స్‌టర్నల్‌లో కనీసం 35 శాతం, రెండూ కలిపి 40 శాతం ఉండాలి. 70లో 35 శాతం అంటే 24.5, అంటే 25 తెచ్చుకోవాలి. ఇంటర్నల్‌లో 15 దాటినవాళ్ళకు ఆ 25 చాలు. ఇంటర్నల్ 9 ఉన్నవాడికి 31 కావాలి. ఆ ఆరు మార్కులే చాలాసార్లు సప్లీకి, పాస్‌కు మధ్య గీత.

మిడ్ మార్కులు అప్‌లోడ్ అయ్యేముందు బోర్డులో పెడతారు, పేపర్లు చూపిస్తారు. అప్పుడే కూడిక సరిచూసుకోండి. యూనివర్సిటీకి పంపాక ఇంటర్నల్ మార్చడం దాదాపు జరగని పని.

5. పరీక్ష హాల్లో

హాల్‌టికెట్, ఐడీ కార్డు, పెన్ను తప్ప ఇంకేం లోపలికి తీసుకెళ్ళకండి. జేఎన్‌టీయూఏ మాల్‌ప్రాక్టీస్ పట్టిక ఒకసారి చదివితే చాలామందికి నిద్ర పట్టదు. చీటీ గానీ ఫోన్ గానీ దగ్గర ఉంటే చాలు, వాడకపోయినా ఆ పేపరు రద్దు. అరచేతిలో రాసుకున్న సూత్రం కూడా చీటీ కిందే లెక్క. దాన్ని చూసి రాసినట్టు తేలితే ఆ పేపరుతోపాటు ఆ సెమిస్టరులో అప్పటిదాకా రాసినవన్నీ రద్దు, మిగతావి రాయనివ్వరు. స్విచ్ఛాఫ్ చేసి జేబులో మర్చిపోయానన్నది సాకు కాదు. బైక్ డిక్కీలోనో బ్యాగులోనో పెట్టి రండి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. జవాబు పత్రంలో "సార్, ఇదే ఆఖరి పేపరు, ఎలాగైనా పాస్ చేయండి, మా నాన్నకు ఆరోగ్యం బాగాలేదు" అని రాయడం కూడా మాల్‌ప్రాక్టీసే. జాలి కలగడం అలా ఉంచి, ఆ పేపరు రద్దు చేసే అధికారం పట్టికలో ఉంది.

కేసు బుక్ చేస్తే కంగారుపడి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. జరిగింది జరిగినట్టు మీ చేత్తో రాసి, దాని కింద సంతకం పెట్టండి. తర్వాత కమిటీ పిలుస్తుంది, ఆ రోజు తప్పకుండా వెళ్ళండి. వెళ్ళకపోతే మీ మాట లేకుండానే తేలుస్తారు.

పీజీ ప్రాజెక్టు, పీహెచ్‌డీ వాళ్ళకు దీనికి అన్నలాంటిది ఇంకొకటి ఉంది: థీసిస్‌లో వేరేవాళ్ళ రాతను కాపీ కొట్టారేమో (ప్లేజియరిజం) సాఫ్ట్‌వేర్‌తో పట్టడం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలిక ఉన్నా శిక్ష లేదు. 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు దిద్ది మళ్ళీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు ఇవ్వడానికే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. సాఫ్ట్‌వేర్ రిపోర్టు గైడుకు ఇచ్చేముందు మీరే ఒకసారి తీసుకుని చూసుకోండి.

6. రిజల్ట్ వచ్చాక తొందరగా కదలండి

రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ రెండూ ఒకటి కావు. మొదటిదాంట్లో కూడిక, దిద్దకుండా వదిలేసిన జవాబులు మాత్రమే చూస్తారు. రెండోదాంట్లో వేరే ఎగ్జామినర్ మళ్ళీ దిద్దుతారు. రెండింటికీ గడువు కొద్దిరోజులే, నోటిఫికేషన్‌లో ఉంటుంది. రీవాల్యుయేషన్‌కు కట్టాం కదా అని సప్లీ ఫీజు మానేయకండి. రీవాల్యుయేషన్ ఫలితం సప్లీ గడువు దాటాక వచ్చిన సందర్భాలు ఉంటాయి. రెండూ కట్టడం డబ్బు దండగలా కనిపిస్తుంది, కానీ ఆర్నెల్లు పోవడం కంటే నయం.

మీ జవాబు పత్రం మీరే చూసుకోవచ్చు. సమాచార హక్కు చట్టం కింద పరీక్ష రాసినవాళ్ళకు తమ జవాబు పత్రం చూసే హక్కు ఉందని 2011లో సుప్రీంకోర్టు సీబీఎస్ఈ కేసులో చెప్పింది. యూనివర్సిటీ ప్రజా సమాచార అధికారి పేరిట దరఖాస్తు పెట్టి, 10 రూపాయల ఫీజు కట్టి, హాల్‌టికెట్ నంబరు, పేపర్ కోడ్, పరీక్ష నెల స్పష్టంగా రాయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రెండు జాగ్రత్తలు: పత్రాలను కొంతకాలమే దాస్తారు కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఆర్టీఐ పెట్టినంత మాత్రాన రీవాల్యుయేషన్ గడువు ఆగదు.

పర్సంటేజీ అడిగే ఉద్యోగాలకు సీజీపీఏను (పదికి లెక్కగట్టే సగటు గ్రేడును) పదితో గుణించి రాసేస్తుంటారు. జేఎన్‌టీయూఏలో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. 7.5 అంటే 70 శాతం, 75 కాదు. సర్టిఫికెట్ వెరిఫికేషన్లో ఆ అయిదు శాతం తేడాను అబద్ధం కింద జమకట్టే అవకాశం ఉంది.

7. డిటెయిన్ అయితే

రెండు రకాలు, కలిపేసుకోవద్దు. హాజరు తగ్గి ఆగినవాళ్ళు ఆ సెమిస్టరును మొత్తం మళ్ళీ కూర్చుని చదవాలి. క్రెడిట్లు తగ్గి ఆగినవాళ్ళకు క్లాసులు అక్కర్లేదు, సప్లీలు రాసి కావలసినన్ని తెచ్చుకుంటే తర్వాతి ఏడాదికి వెళ్తారు. జేఎన్‌టీయూఏలో రెండు నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగుకు పోవాలంటే అప్పటిదాకా లెక్కలోకి వచ్చే క్రెడిట్లలో 40 శాతం ఉండాలి.

రీఅడ్మిషన్ నోటీసు వచ్చినప్పుడే దరఖాస్తు పెట్టాలి. మీరు తిరిగి చేరే బ్యాచ్‌ది కొత్త రెగ్యులేషన్ అయితే కొన్ని సబ్జెక్టులు మారతాయి. మీరు ఇదివరకే పాసైనవి ఏవి, బదులుగా చదవాల్సినవి ఏవి అన్నది యూనివర్సిటీ ఇచ్చే జాబితాలో ఉంటుంది. ఆ జాబితాను రాతపూర్వకంగా, సంతకంతో తీసుకోండి. "ఆ సబ్జెక్టు అక్కర్లేదులే అప్పా" అని ఎవరో అన్నమాట నమ్ముకుంటే నాలుగో ఏడాది చివర్లో మూడు క్రెడిట్లు తక్కువ పడి పట్టా ఆగుతుంది. నాలుగేళ్ళ కోర్సుకు ఎనిమిదేళ్ళ గరిష్ఠ గడువు ఉందన్నదీ మరవకండి.

8. అర్జీ రాయడం, నంబరు వేయించుకోవడం

మీ పని ఏదైనా సరే, కౌంటరు దగ్గర నిలబడి చెప్పుకుంటే "సారు లేరు, రేపు రాండి" అనే మాటే వినిపిస్తుంది. కాగితం రాసి ఇన్‌వర్డ్ సెక్షన్లో (వచ్చే కాగితాలను నమోదు చేసే చోట) ఇస్తే కథ మారుతుంది. రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకటి వాళ్ళు ఉంచుకుంటారు, రెండో దాని మీద గుండ్రటి ముద్ర వేసి, నంబరు, తేదీ రాసి ఇస్తారు. "దీనికెందుకు ముద్ర, ఇచ్చి పోబ్బా" అన్నా కదలొద్దు, నవ్వుతూనే అడగండి. అక్కడ అటెండరన్నతో మర్యాదగా ఉంటే సగం పని అయినట్టే. తర్వాత వెళ్ళినప్పుడు ఆ నంబరు చెబితే ఫైలు ఏ బల్ల మీద ఉందో దొరుకుతుంది. ముద్ర వేయనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, లేదా మెయిల్ చేయండి.

అర్జీ పొడుగ్గా అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,
విషయం: మూడో సెమిస్టరు హాజరు లెక్కలో తేడా సరిదిద్దడం గురించి.
అయ్యా, నేను ఫలానా బ్రాంచి, ఫలానా హాల్‌టికెట్ నంబరు విద్యార్థిని. ఆగస్టు 18 నుంచి 22 వరకు ఎన్‌సీసీ క్యాంపులో ఉన్నాను. మీ ఆర్డరు కాపీ జత చేశాను. నోటీసు బోర్డులో పెట్టిన హాజరు పట్టీలో ఆ అయిదు రోజులు గైర్హాజరుగా చూపించారు. రెగ్యులేషన్‌లోని హాజరు నిబంధన ప్రకారం వాటిని హాజరుగా కలపమని కోరుతున్నాను. తీసుకున్న నిర్ణయం రాతపూర్వకంగా తెలియజేయగలరు.
జతపరిచినవి: 1. ఆర్డరు కాపీ 2. క్యాంపు సర్టిఫికెట్ 3. హాజరు పట్టీ ఫోటో."

ఇందులో ఏడుపు లేదు, ఎవరినీ తిట్టడం లేదు. ఏం జరిగింది, ఏ కాగితం ఉంది, ఏం కావాలి. ఎవరి మీదైనా కోపం ఉంటే రూముకు వచ్చి తీర్చుకోండి, అర్జీలో కాదు.

పది, పదిహేను రోజులు చూసినా కదలిక లేకపోతే తర్వాతి మెట్టు విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలోనూ ఇది ఉండాలి. అడ్మిషన్, ఫీజు, సర్టిఫికెట్లు ఆపడం, పరీక్షల్లో జాప్యం, వివక్ష, ఇలాంటివన్నీ దీనికిందికి వస్తాయి. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లోపు యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు, ఆ స్థాయిలో 30 రోజుల్లో తేల్చాలి. అంబుడ్స్‌పర్సన్‌గా ఉండేది విశ్రాంత వైస్ ఛాన్సలరో, ప్రొఫెసరో, మాజీ జిల్లా జడ్జీనో. కమిటీ అయినా, అంబుడ్స్‌పర్సన్ అయినా అడిగే మొదటి కాగితం మీ ఇన్‌వర్డ్ నంబరు ఉన్న కాపీయే.

మార్కులు తక్కువ వేశారన్న ఫిర్యాదుకు మాత్రం అంబుడ్స్‌పర్సన్ దారి కాదు, రీవాల్యుయేషనే దారి. అక్రమం జరిగిందనో, మీకొక్కరికే వేరే రూలు పెట్టారనో చూపించగలిగితే అది వేరే సంగతి.

9. ర్యాగింగ్, వేధింపులు

ఇక్కడ అర్జీలు, పదిహేను రోజుల ఎదురుచూపులు వద్దు. ర్యాగింగ్ అయితే 24 గంటలూ పనిచేసే జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522. పేరు చెప్పడం ఇష్టం లేకపోయినా కాలేజీ పేరు, హాస్టల్ బ్లాకు, జరిగిన సమయం చెప్పండి. మన రాష్ట్రంలో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. ఎగతాళి చేసి అవమానించినా ఆరు నెలల దాకా జైలు. చేయి చేసుకుంటే ఏడాది, గదిలో నిర్బంధిస్తే రెండేళ్ళు, తీవ్రంగా గాయపరిస్తే అయిదేళ్ళు. "ఇంట్రడక్షన్ కోసమే కదా" అనే సీనియర్లు కూడా ఇది చదువుకుంటే మంచిది, ఎందుకంటే అభియోగం రుజువైతే కాలేజీ నుంచి పంపించేస్తారు.

లైంగిక వేధింపులైతే కాలేజీలోని అంతర్గత ఫిర్యాదుల కమిటీకి మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. రాయలేని స్థితిలో ఉంటే స్నేహితులో, ఇంట్లోవాళ్ళో తరఫున ఇవ్వొచ్చు. మెసేజ్‌లు డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి ఇంకొకరికి పంపి ఉంచండి.

10. మానేసి వేరేచోటికి పోవాలంటే

కౌన్సెలింగ్‌లో మంచి సీటు వచ్చిందని మానేసేవాళ్ళు ఏటా ఉంటారు. యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం అడ్మిషన్ల ఆఖరు తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే వెళ్ళిపోతే ఫీజు పూర్తిగా వెనక్కి రావాలి. అందులో ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000 రూపాయలు మించకుండా పట్టుకోవచ్చు. ఆఖరు తేదీకి 15 రోజుల లోపైతే 90 శాతం. ఆఖరు తేదీ దాటాక 15 రోజుల దాకా 80, 16వ రోజు నుంచి 30వ రోజు దాకా 50. అదీ దాటితే ఏమీ రాదు. కొన్నేళ్ళుగా యూజీసీ ఏటేటా ప్రత్యేక తేదీలతో ఇంకా ఉదారమైన సర్క్యులర్లు ఇస్తోంది కాబట్టి ఆ ఏడాదిది చూడండి. ఇంజినీరింగ్ సీటుకు కౌన్సెలింగ్ రద్దు తేదీలు విడిగా ఉంటాయి. ఏదైనా, లెక్క మొదలయ్యేది మీరు మానేసిన రోజు నుంచి కాదు, మానేస్తున్నట్టు కాగితం ఇచ్చిన రోజు నుంచి.

అదే నోటిఫికేషన్‌లో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్స్ కాలేజీ దగ్గర ఉంచుకోకూడదు. అడ్మిషన్ రోజు సరిచూసి, జెరాక్సుల మీద ధ్రువీకరించుకుని వెంటనే తిరిగివ్వాలి. "మిగతా ఏళ్ళ ఫీజు కట్టి తీసుకెళ్ళు" అంటే పైన చెప్పిన ఫిర్యాదు దారి పట్టండి. ఒకవేళ ఒరిజినల్స్ ఇచ్చేసి ఉంటే ఏమేం ఇచ్చారో జాబితాతో రసీదు అడిగి తీసుకోండి.

11. కోర్సు అయ్యాక

నో డ్యూస్ (బాకీ ఏమీ లేదన్న పత్రం) మీద లైబ్రరీ, హాస్టల్, ల్యాబ్ సంతకాలు ఆఖరి పరీక్ష అయిన వారంలోనే పెట్టించుకోండి. తర్వాత వెళ్తే సంతకం పెట్టాల్సిన మనిషి సెలవులో ఉంటారు. టీసీ, కండక్ట్ సర్టిఫికెట్ కాలేజీ ఇస్తుంది. ప్రొవిజనల్ (తాత్కాలిక పట్టా), కన్సాలిడేటెడ్ మెమో (అన్ని సెమిస్టర్ల మార్కులు ఒకేచోట), మైగ్రేషన్, ఆఖర్న ఓడీ యూనివర్సిటీ ఇస్తుంది. వేరే యూనివర్సిటీలో పీజీ చేరేవాళ్ళకు మైగ్రేషన్ తప్పదు, ముందే పెట్టుకోండి. అనంతపురం వెళ్ళాల్సిన పని అయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు స్థితి చూసుకుని, సిద్ధంగా ఉందని తేలాకే ఆ అయిదారు గంటల ప్రయాణం పెట్టుకోండి.

ఓడీకి స్నాతకోత్సవం నోటిఫికేషన్ వచ్చినప్పుడు అప్లై చేసుకుంటే మామూలు ఫీజుతో పోతుంది. హాల్లో తీసుకోలేనివాళ్ళకు పోస్టులో పంపే ఏర్పాటు ఉంటుంది, అడ్రసు మాత్రం మీరు నిజంగా ఉండేది ఇవ్వండి, ఖాళీ చేసిన హాస్టల్‌ది కాదు.

సర్టిఫికెట్ పోతే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, దొరకలేదన్న ధ్రువపత్రం తీసుకుని, నోటరీ అఫిడవిట్‌తో డూప్లికేట్‌కు పెట్టుకోవాలి. అందుకే అన్నిటినీ స్కాన్ చేసి డిజిలాకర్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి ఉంచండి. లీలామహల్ సెంటర్‌లో లామినేషన్ షాపు కనిపించగానే ఓడీని అందులో దూర్చకండి. విదేశాలకు వెళ్ళేవాళ్ళ పట్టా మీద అటెస్టేషన్ ముద్రలు వెనకవైపు వేస్తారు, ప్లాస్టిక్ మీద ఇంకు ఆగదు. పారదర్శకంగా ఉండే ఫైల్ కవరు చాలు.